బోరు నీళ్ళు: ఫ్లోరైడుకు ఒక విరుగుడు, పురుగులకు ఇంకొకటి

నీళ్ళు బాగాలేవనగానే మన ఇళ్ళలో మొదట చేసేది పొయ్యి మీద పెట్టి కాచడం. క్రిములకు, పురుగు గుడ్లకు అది సరైన పనే. ఫ్లోరైడు ఉన్న నీళ్ళయితే మాత్రం కాచేకొద్దీ చెడుపే: నీళ్ళు ఆవిరైపోతాయి, ఫ్లోరైడు గిన్నెలోనే ఉండిపోతుంది. నైట్రేటూ అంతే. చిత్తూరు జిల్లా రాతినేలల్లో వందల అడుగులు దించిన బోరు మీద బతికే ఇంటికి, ఏం చేయాలన్నా ముందు పరీక్ష కావాలి.

బోరును పది నిమిషాలు వదిలేశాక లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు మూడు సార్లు తొలిచి నింపండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడు గాజుతో కలుస్తుంది. క్రిముల పరీక్షకు శుభ్రం చేసిన సీసా ల్యాబువాళ్ళే ఇస్తారు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో ఇవ్వొచ్చు. ఫిల్టర్లు అమ్మేవాళ్ళు టీడీఎస్ మీటరు ముంచి చూపించే అంకెను నమ్ముకోకండి. అది మొత్తం లవణాలను అంచనా కడుతుందే తప్ప అందులో ఫ్లోరైడెంతో చెప్పదు.

ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. అది దాటితే తాగడానికే కాదు, సంగటికి, అన్నానికి, పప్పుకు కూడా ఆర్వో (సన్నని పొరగుండా నీటిని వడగట్టే యంత్రం) నీళ్ళే వాడాలి. చాలా ఇళ్ళలో తాగేది క్యాన్ నీళ్ళు, వంట బోరు నీళ్ళతో. ఫ్లోరైడు కూటితోపాటు కడుపులోకి పోతూనే ఉంటుంది. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు పళ్ళు గారపట్టేది ఇలాగే, ఆ మరకలు తర్వాత తోమితే పోవు. ఏళ్ళ తరబడి తాగిన పెద్దవాళ్ళకు కీళ్ళు, వెన్ను బిగుసుకుపోతాయి.

నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే బోరు చుట్టూ చూడండి. పాడి ఉన్న ఇళ్ళలో పేడదిబ్బ పక్కనే బోరు ఉండటం మామూలే. దిబ్బను, మరుగుదొడ్డి గుంతను కనీసం 50 అడుగుల దూరానికి జరపాలి. ఆ నీళ్ళతో ఆరు నెలల లోపు పసిబిడ్డకు పాలపొడి కలపకూడదు. నైట్రేటు ఎక్కువైతే రక్తం ఆక్సిజన్‌ను మోయలేక బిడ్డ నీలంగా మారే ప్రమాదముంది.

ఇక సంపు. మూత తీసి కొన్ని గంటలు గాలి ఆడనివ్వండి, పైన ఒక మనిషి లేకుండా లోపలికి దిగొద్దు. అడుగు మడ్డి ఎత్తేసి, 10 లీటర్ల నీళ్ళలో 8 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి గోడలు రుద్ది, అరగంటాగి కడిగేయండి. బాత్రూం యాసిడ్‌ను మాత్రం దానికి తగలనివ్వొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు లేచి ఊపిరాడదు.

నింపాక 1,000 లీటర్లకు 2.5 గ్రాముల పౌడరు. సంపు కొలతలు అడుగుల్లో తీసుకుని పొడవు, వెడల్పు, నీటి లోతు గుణించి 28.3తో హెచ్చవేస్తే లీటర్లు వస్తాయి. 6 అడుగుల పొడవు, 5 వెడల్పు, 5 లోతుకు సుమారు 4,250 లీటర్లు, అంటే 11 గ్రాములు. పౌడరును చెంబులో ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే సంపులో పోయాలి. అరగంట తర్వాత, నీళ్ళలో మిగిలిన క్లోరిన్‌ను కొలిచే కిట్టుతో చూస్తే లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు చూపాలి. చూపకపోతే నీళ్ళు మురికివైనా అయ్యుండాలి, పౌడరు పాతదైనా అయ్యుండాలి. మూతి కట్టకుండా వదిలేసిన సంచిలో క్లోరిన్ ఎగిరిపోయి ఉత్త సున్నమే మిగులుతుంది.

క్లోరిన్ బ్యాక్టీరియాను చంపుతుంది, ఏలికపాము గుడ్డును చంపలేదు. విరేచనాలు తెచ్చే అమీబా గట్టి పెంకు కట్టుకున్న తిత్తులూ ఈ మోతాదుకు లొంగవు. వీటికే కాచడం: నీళ్ళు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు. ఫ్లోరైడూ క్రిములూ రెండూ ఉంటే ముందు ఆర్వో పట్టి, ఆ నీళ్ళను కాచుకోండి. పచ్చిగా తినే కొత్తిమీర, క్యారెట్లను ఉప్పునీళ్ళలో నానబెడితే గుడ్లు చావవు. ధారకింద ఒక్కో రెమ్మనూ వేళ్ళతో రుద్దాలి.

కొంకిపురుగు దారి వేరు, దానికి నీళ్ళతో పనిలేదు. తడి మట్టిలో దాని లార్వా (పిల్ల పురుగు) ఉత్తకాళ్ళ చర్మంలోంచి దూరి పేగుకు చేరి రక్తం తాగుతుంది. పిల్లలు పాలిపోయి, మన్ను తింటుంటే దాన్నే ముందు అనుమానించండి. దొడ్లో, చేలో చెప్పులుండాలి. పురుగు పోయినా రక్తం వెంటనే పుట్టదు, ఐరన్ మాత్రలు డాక్టరు చెప్పినన్నాళ్ళు మింగాలి.

బడుల్లో, అంగన్‌వాడీల్లో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర వేస్తారు. అల్బెండజోల్ రెండేళ్ళు దాటిన పిల్లలకు 400 మిల్లీగ్రాముల మాత్ర మొత్తం, ఒకటి నుంచి రెండేళ్ళ వాళ్ళకు సగం. మూడేళ్ళ లోపువాళ్ళకు పొడిచేసి నీళ్ళలో ఇవ్వాలి, అది దాటినవాళ్ళు నమలాలి. రాత్రిళ్ళు మలద్వారం దురదపెడితే అవి నులిపురుగులు కావచ్చు. ఇంట్లో అందరూ ఒకేరోజు వేసుకుని, రెండు వారాలకు మళ్ళీ వేసుకోవాలి, లేకపోతే గోళ్ళలోని గుడ్లతో తిరిగి అంటుకుంటుంది. గర్భం మొదటి మూడు నెలల్లో ఈ మాత్ర వద్దు.