ఇన్వర్టర్ బ్యాటరీకి పట్టిన తెల్ల పొడి వదలాలంటే

కరెంటు పోగానే మా ఇన్వర్టర్ ఒకసారి కీచుమని అరిచి, ఫ్యాన్లు ఆగిపోయేవి. బ్యాటరీ పోయిందేమో, మళ్లీ వేలల్లో ఖర్చని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ (వైరు తగిలించే ప్లస్ కొన) చుట్టూ తడి సున్నంలా తెల్లగా, అంచుల్లో నీలంగా పొడి పేరుకుని ఉంది. అది టెర్మినల్‌కూ, వైరును దానికి పట్టి ఉంచే క్లాంపుకూ మధ్య చేరితే కరెంటు సరిగా పారదు.

ముందు ఇన్వర్టర్ ఆపి, ప్లగ్గు పీకేయండి. ఉంగరాలు, గాజులు తీసి రబ్బరు గ్లౌజులు తొడుక్కోండి, ఆ పొడిలో యాసిడ్ ఉంటుంది. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. రెండు టెర్మినళ్లకూ ఒకేసారి తగిలితే నిప్పురవ్వలే. నెగెటివ్ ముందు, పాజిటివ్ తర్వాత విప్పాలి. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బుసబుసా పొంగుతుంది, కంగారేం లేదు. ఆ నీళ్లు మాత్రం మూతల్లోంచి బ్యాటరీ లోపలికి పోకూడదు. తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక పాజిటివ్ ముందు, నెగెటివ్ తర్వాత గట్టిగా బిగించండి.

పొడి మళ్లీ పట్టకుండా వాజలైన్ రాయాలి, అదీ క్లాంపులు బిగించాకే, పైపైన పల్చగా. దానిలోంచి కరెంటు పారదు కాబట్టి టెర్మినల్‌కూ క్లాంపుకూ మధ్యలో పూయొద్దు.

క్లాంపు తినేసి సన్నబడిపోతే ఇది పనిచేయదు, కొత్తది వేయించాల్సిందే. బ్యాటరీ పొట్ట ఉబ్బి కనిపిస్తే అసలు చెయ్యి పెట్టకుండా మెకానిక్‌ను పిలవండి.