పెద్ద వయసులో ఫ్రీస్టైల్ ఈత నేర్చుకోవడం ఎలా? చేతులు కాదు, ముందు ఊపిరి

గాగుల్స్, టోపీ, ఒంటికి అతుక్కునే ఈత దుస్తులు చాలు. ఛాతీ లోతు మించని నీళ్లలో, పక్కన ఈత వచ్చినవాళ్లు ఉన్నప్పుడే దిగండి. ట్యూబు వద్దు. అది మనిషిని నిలువుగా నిలబెడుతుంది, మనకు కావలసింది నీళ్లమీద బోర్లా పడుకోవడం.

గట్టును కాళ్లతో తన్ని, చేతులు చాచి, ముఖం నీళ్లలో పెట్టి జారండి. చూపు అడుగునే ఉండాలి. కాళ్లు తుంటి నుంచి ఆడించండి, సైకిల్ తొక్కినట్టు మోకాళ్లు మడవకండి. చెయ్యి భుజానికి సూటిగా దించి, నీళ్లను తొడ దాకా వెనక్కి నెట్టండి. ఇదంతా కొద్ది రోజుల్లో అలవడుతుంది.

ఊపిరి దగ్గరే అందరూ ఆగిపోతారు. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ గాలి బిగబట్టి, తల పక్కకు తిప్పిన అరక్షణంలో వదలడం, పీల్చడం రెండూ చేయబోతారు. కుదరదు. ఉక్కిరిబిక్కిరి అయ్యేది గాలి చాలక అనుకుంటారు గానీ, ఎక్కువగా లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల. కాబట్టి నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కుతో బుడగలు వదులుతూనే ఉండాలి. గట్టు పట్టుకుని, ముఖం ముంచి వదలడం, పక్కకు తిప్పి పీల్చడం: ఇరవైసార్లు తడబడకుండా వచ్చేదాకా చేతులు వేయనే వద్దు. దిగేముందు గబగబా గుక్కలు పీల్చి మునగడం మాత్రం ఎప్పుడూ చేయకండి, నీళ్లలోనే స్పృహ తప్పవచ్చు.

రెండో తప్పు తల ఎత్తడం. తల లేస్తే కాళ్లు మునుగుతాయి, కాళ్లు మునిగితే మళ్లీ తల ఎత్తాలనిపిస్తుంది. తల ఎత్తకండి, ఒంటితోపాటు దొర్లించండి. ఒక చెవి, ఒక గాగుల్ అద్దం నీళ్లలోనే ఉండాలి. ముందుకు సాగే తల పక్కన నీళ్లు కొంచెం పల్లమవుతాయి, నోటికి ఆ జాగా సరిపోతుంది. కుడివైపు పీల్చేవారు ఎడమచెయ్యి ముందుకు చాచి ఉండగా, కుడిచెయ్యి వెనక్కి నెడుతుండగా తిరగాలి. ఆ చెయ్యి గాలిలోంచి ముందుకు వచ్చేలోపే ముఖం లోపలికి వెళ్లాలి. చాచిన చెయ్యి మాత్రం కిందికి నొక్కకండి, ఒరిగిపోతారు.

మూడు బారలకోసారి (ఒక చెయ్యి ఒకసారి వేస్తే ఒక బార) రెండువైపులా మార్చి మార్చి పీల్చమని మొదటి వారంలోనే నేర్పేవారున్నారు. నేను ఒప్పుకోను. కొత్తవారికి గాలి చాలక కంగారు పుడుతుంది, కంగారులో నేర్చిందంతా పోతుంది. రెండు బారలకోసారి, ఒకేవైపు పీల్చండి. 25 మీటర్లు ఆగకుండా వచ్చాక రెండోవైపు మొదలుపెట్టండి.

నోట్లోకి నీళ్లు వస్తే ఈత ఆపి వెల్లకిలా తిరగండి, దగ్గు తగ్గాక మళ్లీ గట్టు దగ్గర నుంచే మొదలు.