ఇంట్లోనే క్లచ్ మార్పిడి – మూడో పాఠం: పాత ప్లేటును చదవడం

కిందటి పాఠంలో గేర్ బాక్సును దించి గోనెపట్టా మీద పడుకోబెట్టాం. కారు ముందు భాగం స్టాండ్ల మీద గట్టిగా కూర్చుందో లేదో, కిందికి దూరకముందే చేత్తో కదిపి చూడండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకున్నవారు స్టాండ్లు తెచ్చుకున్నాకే ముందుకు చదవండి.

ఇప్పుడు ఎదురుగా కనిపించేది ప్రెషర్ ప్లేటు. మనం మార్చబోయే క్లచ్ ప్లేటు (ఇకపై ఉత్త ‘ప్లేటు’ అంటే ఇదే) దీని వెనక ఉంటుంది. దాన్ని ఫ్లైవీలుకు, అంటే ఇంజను కొసన తిరిగే బరువైన చక్రానికి, అదిమి పెట్టేది ఈ ప్రెషర్ ప్లేటే. చిన్న కార్లలో సాధారణంగా ఆరు బోల్టులు దాన్ని ఫ్లైవీలుకు పట్టి ఉంచుతాయి. లోపల స్ప్రింగు బిగువు మీద ఉంటుంది కాబట్టి ఏ బోల్టునూ ఒక్కసారిగా ఊడదీయకూడదు. ఒకదాన్ని సగం చుట్టు వదులు చేసి, దాని ఎదుటిదానికి వెళ్లండి. తొందరపడితే కవరు వంగుతుంది. చివరి బోల్టు తీసేటప్పుడు ఒక చేయి కింద ఆసరాగా ఉండాలి. లేకపోతే బరువంతా మీ వేళ్ల మీద పడుతుంది.

లోపల నల్లటి పొడి ఉంటుంది. దాన్ని గాలి కొట్టి దులపకండి. పాతకాలపు ప్లేట్లలో ఆస్బెస్టాస్ వాడేవారు, అది ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకు మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడవండి.

ఇక్కడే చాలామంది కొత్త ప్లేటు తీసి బిగించేస్తారు. మీరు మాత్రం పాతదాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి తీరిగ్గా చూడండి. అంతటా సమానంగా అరిగి రివెట్ల తలలు పైకి తేలుతుంటే, అది దాని ఆయుష్షు తీరి పోయినట్టే. ఉపరితలం నుంచి రివెట్ తల వరకు లోతు 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల లోపుకు వచ్చిందంటే ప్లేటు మార్చమని చాలా కంపెనీల పుస్తకాలు చెబుతాయి. మాడు వాసన వేస్తూ, ఫ్లైవీలు మీద నీలం మచ్చలు కనిపిస్తే తప్పు చాలావరకు డ్రైవరుది. శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు బ్రేకు వదిలి సగం క్లచ్ మీద బండిని నిలబెట్టినా, సిరిమానోత్సవం నాటి విజయనగరం రద్దీలో అలాగే పాకించినా ఇదే గతి. మధ్యలోని స్ప్రింగులు వదులైతే బండి కదిలేటప్పుడు వణుకుతుంది.

ప్లేటు నూనెతో తడిసి ఉంటే మాత్రం ఆగిపోండి. నూనె బయటికి రాకుండా ఆపే సీళ్లలో ఇంజను వెనక సీలు గానీ, గేర్ బాక్సు ముందు సీలు గానీ కారుతోందని అర్థం. మొదటిసారి ఈ పని చేసినప్పుడు నేను దాన్ని గమనించి కూడా, మళ్లీ అంగడికి వెళ్లే ఓపిక లేక కొత్త ప్లేటు వేసేశాను. రెండు నెలలకే అదీ జారడం మొదలుపెట్టింది, గేర్ బాక్సు మళ్లీ దించాను. సీలు ధర ప్లేటు ధరలో ఎన్నో వంతో చెప్పుకోవడానికి కూడా సిగ్గేస్తుంది.

ఫ్లైవీలు మీద గోరు నడిపి చూడండి. గోరు చిక్కుకునేంత గీతలో, పగుళ్లో ఉంటే లేతు పనివారికి చూపించండి. లేకపోతే గరుకు కాగితంతో రుద్ది, బ్రేకు క్లీనరుతో జిడ్డు వదిలించండి.

కొత్త ప్లేటును ముందు గేర్ బాక్సు షాఫ్టు పళ్ల మీద ఎక్కించి చూడండి. నున్నగా జారాలి. పళ్లకు గ్రీజు పలచగా రాసి, మిగిలింది తుడిచేయండి. ఏ వైపు ఫ్లైవీలుకు ఆనాలో చాలా ప్లేట్ల మీద రాసి ఉంటుంది. రాసి లేకపోతే, స్ప్రింగులు ఉబ్బెత్తుగా ఉన్న వైపు సాధారణంగా గేర్ బాక్సు దిక్కుకు ఉంటుంది.

తరువాత మధ్యకు తేవడం. ప్లేటు ఫ్లైవీలు నడిమధ్యన కూర్చోకపోతే గేర్ బాక్సు ఎంత నెట్టినా లోపలికి దూరదు. దీనికి ప్లాస్టిక్ కడ్డీ దొరుకుతుంది. నేను మాత్రం వడ్రంగి దగ్గర పనస కర్ర చెక్కించుకున్నాను. బొబ్బిలి వీణకు పనికొచ్చిన చెక్క క్లచ్‌కు పనికిరాదా అన్నది నా వాదన. కర్ర ప్లేటు రంధ్రంలో బిగువుగా నిలిచి, కొస ఫ్లైవీలు నడిమి గుంటలో కూర్చోవాలి. పైన ప్రెషర్ ప్లేటు పెట్టి, బోల్టులను విప్పిన పద్ధతిలోనే, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. చివరి బిగువు మాత్రం మీ కారు పుస్తకం చెప్పినంతే. కర్రను లాగినప్పుడు తేలిగ్గా వచ్చేస్తే ప్లేటు మధ్యలోనే ఉంది.

క్లచ్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటు స్ప్రింగును నెట్టే రిలీజ్ బేరింగును కూడా ఈ విడతలోనే మార్చండి. పాతది బాగానే తిరుగుతున్నట్టు అనిపించినా సరే. దాన్ని పెట్రోలులో కడగకండి, లోపలి గ్రీజు పోతుంది.

వచ్చే పాఠంలో గేర్ బాక్సు పైకెక్కుతుంది. దాని బరువు ఒక్క క్షణం కూడా ప్లేటు మీద వేలాడకూడదు, కాబట్టి ఇద్దరు మనుషులు కావాలి. ఇంట్లో ఎవరినైనా ఇప్పుడే బతిమాలి పెట్టుకోండి.