ఐస్ హాకీ చూడటం నేర్చుకుందాం – 4వ పాఠం: పక్‌ని వదలండి, డిఫెన్స్‌మన్‌ని చూడండి

గత పాఠంలో నీలి గీతలు, ఆఫ్‌సైడ్, ఐసింగ్ చూశాం. అవి ఇంకా పట్టుబడకపోతే ఒకసారి తిరగేసి రండి. ఈ పాఠం దాదాపు మొత్తం నీలి గీత దగ్గరే, అంటే జట్టు రక్షణ మండలానికి హద్దుగా ఉండే గీత దగ్గరే, నడుస్తుంది. ఇవాళ నేర్చుకోవాల్సిన పని ఒక్కటే: ఆట జరుగుతుండగా పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) మీద నుంచి కన్ను తీసి, వెనక్కి జారుతూ వస్తున్న డిఫెన్స్‌మన్ మీద నిలపడం.

సాధన కోసం ఎస్టోనియా జట్టును ఎంచుకున్నాను. సుమారు 13.7 లక్షల జనాభా ఉన్న దేశం అది. స్వాతంత్ర్యం తిరిగి వచ్చిన మరుసటి ఏడాది, అంటే 1992లో, అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో మళ్లీ చేరింది. అప్పటి నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కింది అంచెల్లోనే ఆడుతోంది; 2001లో డివిజన్‌లు వచ్చాక డివిజన్ 1కీ డివిజన్ 2కీ మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంది. 2019, 2023, 2025ల్లో డివిజన్ 1 బి (డివిజన్ 1లోని రెండో గ్రూపు) పోటీలు ఆ దేశ రాజధాని తాలిన్‌లోనే జరిగాయి. కొత్తగా చూసేవాళ్లకు ఈ స్థాయి ఆటే మంచిదని నా గట్టి నమ్మకం. ఉత్తర అమెరికా అగ్ర లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో డిఫెన్స్‌మన్ పొరపాటు అరక్షణంలో జరిగిపోతుంది, సహచరుడెవరో వచ్చి సర్దేస్తాడు. ఇక్కడ పొరపాటు కనిపిస్తుంది, దాని ఫలితమూ కనిపిస్తుంది.

ఎస్టోనియాలో పుట్టిన ఆటగాళ్లలో బయటి ప్రపంచానికి తెలిసిన పేర్లు చూడండి. 1994లో ఎన్‌హెచ్‌ఎల్ జట్టు డెట్రాయిట్ రెడ్ వింగ్స్ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) ఎంచుకున్న టోయివో సూర్సో ఫార్వర్డ్, అంటే దాడి చేసే ఆటగాడు. నార్వాలో పుట్టి, ఫిన్లాండ్ తరఫున ఆడి 2022 ఒలింపిక్ స్వర్ణం గెలిచిన లియో కొమరోవ్ కూడా ఫార్వర్డే. జాతీయ జట్టు వెనుక వరుసను ఏళ్ల తరబడి కాసిన లౌరి లహేసాలు లాంటి డిఫెన్స్‌మన్ పేరు మాత్రం ఆ దేశం దాటితే చాలా కొద్దిమందికే తెలుసు. ఆపిన గోల్‌కి పట్టికలో గడి లేదు. దాన్ని లెక్కించడం మన కన్నే నేర్చుకోవాలి.

ఇక అసలు విద్యకు వద్దాం. దాని పేరు గ్యాప్, అంటే పక్‌తో దూసుకొస్తున్న ఫార్వర్డ్‌కీ, వెనక్కి జారుతున్న డిఫెన్స్‌మన్‌కీ మధ్య ఉన్న దూరం. కబడ్డీ చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. కూతకొచ్చినవాడి మీదకి డిఫెండర్ వెంటనే ఉరకడు. అందీ అందనంత దూరంలో ఉంటూ వెనక్కి తగ్గుతాడు, అతన్ని మూలకి నెడతాడు, అదను చూసి పట్టేస్తాడు. మంచు మీద డిఫెన్స్‌మన్ చేసేదీ అదే, కాకపోతే ఇద్దరూ పరుగుకి మించిన వేగంతో కదులుతుంటారు.

సరైన గ్యాప్ సుమారుగా ఒకటి, ఒకటిన్నర స్టిక్‌ల పొడవు. దూరం ఎక్కువైతే ఎదుటివాడు దర్జాగా నీలి గీత దాటి, డిఫెన్స్‌మన్‌నే అడ్డుతెరగా వాడుకుని షాట్ కొడతాడు. గోలీకి పక్ ఆలస్యంగా కనిపిస్తుంది. దూరం మరీ తగ్గితే ఒక్క మెలికతో పక్క నుంచి దాటేస్తాడు. అప్పుడు డిఫెన్స్‌మన్ ఒళ్లు తిప్పి వెంటపడేలోపు వాడు గోల్ ముందుంటాడు. అందుకే మంచి డిఫెన్స్‌మన్ తన నీలి గీత దగ్గరికి వచ్చేసరికే గ్యాప్ బిగించేస్తాడు.

ఆ క్షణంలో మూడు చోట్ల చూడండి. మొదట కళ్లు: అతను పక్‌ని చూడడు, ఎదుటివాడి ఛాతీని చూస్తాడు. చేతులు, తల, పక్ అన్నీ మోసం చేయగలవు, మొండెం మాత్రం వెళ్లే వైపే వెళ్తుంది. తర్వాత స్టిక్: ఒక చేత్తో ముందుకు చాపి, బ్లేడుని మంచుకి ఆనించి పెడతాడు. అది పక్‌ని లాక్కోవడానికి కాదు, గోల్‌కి ఎదురుగా ఉన్న దారిలో పాస్ పడకుండా చేయడానికి. చివరగా అతని ఒంటి వాలు: గోల్ ముందున్న మధ్య భాగాన్ని తాను ఆక్రమించుకుని ఎదుటివాడికి బోర్డుల వైపు దారి వదులుతాడు. ఆ దారి పొడవైనది, అక్కడి నుంచి షాట్ కోణం ఇరుకు. అంతర్జాతీయ రింక్ 60 మీటర్ల పొడవుంటుంది, వెడల్పు 26 నుంచి 30 మీటర్ల వరకు ఉండొచ్చు. రింక్ ఎంత వెడల్పుంటే ఈ ఎత్తు అంత బాగా పనిచేస్తుంది.

ఇద్దరు ఫార్వర్డ్‌లు ఒక్క డిఫెన్స్‌మన్ మీదకి వస్తే? షాట్ గోలీది, పాస్ డిఫెన్స్‌మన్‌ది. ఇది పాత ఒప్పందం. పక్ ఉన్నవాడి మీద పడిపోకుండా, పాస్ దారిని కోసేస్తూ మధ్యలో నిలబడగలిగినవాడిని చూస్తే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది. అంత ఒత్తిడిలో ఆ ఓపిక ఏళ్ల ఆట మీద గానీ రాదు.

రెండో పీరియడ్‌లో ఇంకో విషయం గమనించండి. జట్లు వైపులు మారతాయి గనక తమ రక్షణ మండలం నుంచి బెంచీ దూరమవుతుంది. సాధారణంగా ఒక షిఫ్ట్, అంటే బెంచీకి వెళ్లి వేరొకరికి చోటిచ్చే ముందు ఒకేసారి మంచు మీద ఆడే సమయం, 40, 45 సెకన్లు. ఆ పీరియడ్‌లో పక్ బయటికి పంపలేకపోయిన డిఫెన్స్‌మన్ బెంచీకి చేరలేక అక్కడే ఇరుక్కుపోతాడు. కాళ్లు బరువెక్కుతాయి, గ్యాప్ పెరుగుతుంది, స్టిక్‌తో కొక్కెం వేసి రెండు నిమిషాల పెనాల్టీ తెచ్చుకుంటాడు. ఆ పెనాల్టీకి మూలం అంతకు ముందటి అర నిమిషంలో ఉంది.

ఇది తెలిశాక డిఫెన్స్‌మన్ కెరీర్ పట్టిక చదివే తీరు మారుతుంది. గోల్స్ దగ్గర మొదలుపెట్టకండి. ముందు మ్యాచ్‌ల సంఖ్య, తర్వాత పెనాల్టీ నిమిషాలు చూడండి. మ్యాచ్‌లు పెరుగుతుంటే పెనాల్టీలు తగ్గుతూ వస్తున్నాయంటే అతను చోటు ముందే పట్టుకోవడం నేర్చుకున్నాడని అనుకోవచ్చు. ప్లస్-మైనస్ (అతను మంచు మీద ఉండగా తన జట్టు కొట్టిన గోల్స్‌కీ ఎదుటి జట్టు కొట్టిన వాటికీ తేడా) ఉంటే జాగ్రత్తగా వాడండి. పవర్‌ప్లేలో, అంటే పెనాల్టీ వల్ల ఎదుటి జట్టులో ఆటగాళ్లు తక్కువున్నప్పుడు, జట్టు కొట్టిన గోల్‌కి అందులో ప్లస్ రాదు. పైగా ఓడే జట్టులో ఎక్కువసేపు ఆడే మంచి ఆటగాడికీ అది మైనస్‌లోనే తేలుతుంది. ఎస్టోనియా లాంటి జట్టుకైతే ఆ ఏడాది ఏ డివిజన్‌లో ఉందో పక్కన రాసుకోవడం తప్పనిసరి. డివిజన్ 2లో వచ్చిన పాయింట్లూ డివిజన్ 1లో వచ్చినవీ ఒక తూకం కావు. పోటీ అంతా వారం రోజులే, ఆరు జట్ల గ్రూపులో ఐదు మ్యాచ్‌లు. ఆఖరున నిలిస్తే కింది అంచెకి పోవాలి. ఏటేటా ఆ వారానికి పిలుపు అందుకుంటూ, క్లబ్ సీజన్ ముగిసిన అలసటతోనే వచ్చి ఆడటం చిన్న సంగతి కాదు. చిన్న దేశంలో అలాంటి మనిషికి బదులు మనిషి దొరకడం కష్టం.

ఇంటిపని: డివిజన్ 1 బి మ్యాచ్ ఏదైనా ఒకటి తీసుకోండి. ఒక డిఫెన్స్‌మన్ నంబర్ కాగితం మీద రాసుకుని, ఒక పీరియడ్ మొత్తం అతన్నే చూడండి. అతని వైపు నుంచి ఎదుటివాళ్లు పక్‌ని అదుపులో పెట్టుకుని నీలి గీత దాటిన ప్రతిసారీ ఒక గీత గీయండి. దాటలేక పక్‌ని లోపలికి విసిరేయాల్సి వచ్చినప్పుడు సున్నా పెట్టండి. గోల్ పడితే కేకలు వినిపిస్తాయి, అప్పుడు కూడా తల తిప్పకండి. తర్వాత రెండో పీరియడ్‌లో అతని గీతలు, సున్నాలు విడిగా లెక్కపెట్టి మొదటి పీరియడ్‌తో పోల్చండి. ఆ కాగితం దాచుకోండి, ఐదో పాఠంలో పవర్‌ప్లే దగ్గర దానితో పని ఉంది.