పేపర్ ప్లేటు మీద రంగు నిలవడం లేదా? ముందు ఒక నీటి చుక్క వేసి చూడండి

సమస్య: పాప పేపర్ ప్లేటుతో చేసిన సింహం మాస్కుకు నారింజ రంగు వేసింది. రంగు పరుచుకోకుండా బొట్లు బొట్లుగా విడిపోయింది. ఎండాక ముఖానికి కట్టబోతే పెచ్చులూడి గౌను మీద రాలింది. అతికించిన చెవులూ ఊడొచ్చాయి.

కారణం: అందరూ రంగుల మీదో జిగురు మీదో పడతారు, ప్లేటును ఎవరూ అనుమానించరు. చెన్నైలో పుట్టినరోజు పార్టీ అయ్యాక ఇంట్లో మిగిలే ప్లేట్లలో చాలావాటికి సాంబారు కారకుండా సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అలాంటి ప్లేట్లను తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి నిషేధించారు, అయినా ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. పోస్టర్ కలర్, ఫెవికాల్ రెండింట్లోనూ నీళ్లుంటాయి. కాగితం ఆ తడిని పీల్చుకుంటేనే అవి గట్టిగా పట్టుకుంటాయి. ప్లాస్టిక్ పీల్చుకోదు.

మెరుపు చూసి తేల్చేయకండి, మెరవని పొరలూ ఉన్నాయి. ప్లేటుకు రెండు వైపులా ఒక్కో నీటి చుక్క వేసి ఐదు నిమిషాలు ఆగండి. కాగితమైతే చుక్క ఇంకి, అక్కడ రంగు మారుతుంది. పొర ఉంటే చుక్క గుండ్రంగా అలాగే నిలబడి, ప్లేటు వంచగానే జారిపోతుంది. అనుమానం తీరకపోతే అంచు కొద్దిగా చింపండి. పొర ఉంటే చిరిగిన చోట పారదర్శకంగా సాగుతూ కనిపిస్తుంది. దయచేసి పిల్లల చేతికి బ్రష్ ఇవ్వక ముందే ఈ పని చేయండి. సగం బొమ్మ అయ్యాక చెడితే వాళ్ల ముఖం చూడలేం.

పరిష్కారం: ప్లేటు తిరగేయండి. ఎక్కువగా పొర తిండి పెట్టే వైపే ఉంటుంది. వెనకవైపు ఉబ్బుగా ఉండటం వల్ల తాబేలు, కోడిపెట్ట, సూర్యుడు ఇంకా బాగా కుదురుతాయి. లోపలి వైపే కావాలంటే పెద్దవాళ్లు ఉప్పు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, పొడి తుడిచి, అక్రిలిక్ రంగు వేయాలి. చెవులు, తోకలకు జిగురు వద్దు, స్టేప్లర్ కొట్టి, పిన్నుల కొనలు పిల్లలకు గుచ్చుకోకుండా వెనక టేపు వేయండి. వెండి రంగు ప్లేట్లను రంగులకు వాడకండి. పర్మనెంట్ మార్కర్‌తో గీతలు గీయించి వదిలేయండి.

రంగులో గిన్నెల సబ్బు చుక్క కలిపితే సరిపోతుందని చెప్పేవాళ్లుంటారు. రంగు పరుచుకుంటుంది, నిజమే. కానీ ఎండాక మళ్లీ ఊడుతుంది, సబ్బు పట్టును పెంచదు. రెండో పూత వేస్తే ఇంకా అన్యాయం, పొరలు పొరలుగా లేస్తుంది.

సమస్య: ప్లేటు మెత్తబడి, ఎండాక వంకర తిరిగింది.

కారణం, పరిష్కారం: ఇది పొర లేని ప్లేటు బాధ. బ్రష్‌లో నీళ్లు ఎక్కువయ్యాయి. రంగు చిక్కగా వేయించండి, పూర్తిగా ఆరాక పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచండి. నవంబర్ వానల్లో ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ, ఫ్యాన్ కింద పెట్టినా ఆరడానికి చాలాసేపు పడుతుంది. ముట్టుకుంటే చల్లగా తగిలిందంటే ఇంకా ఆరలేదనే.

జిగురు పాతబడటం, రంగు గడ్డకట్టడం లాంటివి అరుదు. అలా ఉంటే పారేసి కొత్తది తెచ్చుకోండి.