గుడి లోపలి చీకటి, బయటి ఎండ ఒకే ఫొటోలో ఎట్లా పట్టాలి? కొత్తవాళ్ళ కోసం హెచ్‌డీఆర్

నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి కెమెరా పట్టుకపోయినోళ్ళకి ఈ తిప్పలు తెలుసు. మండపంల స్తంభాల మీది శిల్పాలు మంచిగ వచ్చినయంటే బయట ఆకాశం మొత్తం తెల్లగ ఎగిరిపోతది, ఆకాశం నీలంగ వచ్చిందా, లోపలంతా నలుపే. మన కంటికి రెండూ కనిపిస్తున్నయి కదా, మరి కెమెరాకేమైంది అంటే, వెలుతురు తేడా అంతుంది మరి. ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకి ఎంత స్పందించాలో చెప్పే నంబర్) 100, ఎఫ్ 8 (ఎపర్చర్, అంటే లెన్స్ కన్నం సైజు) పెడితే మిట్టమధ్యాహ్నం ఎండలున్న రాయికి సెకన్‌లో 400వ వంతు షట్టర్ (వెలుతురు లోపలికి వచ్చే టైం) చాలు, లోపల చీకటి మూలకి 2 సెకన్ల దాకా కావాలి. 800 రెట్లు! స్టాప్‌ల లెక్కల దాదాపు తొమ్మిదిన్నర, ఒక్కో స్టాప్‌కి వెలుతురు డబుల్ అయితది కాబట్టి. ఒక్క క్లిక్‌ల అంత తేడా మంచిగ రాదు, అందుకే ఒకే ఫ్రేమ్‌ని తక్కువ వెలుతురుతో, మామూలుగా, ఎక్కువ వెలుతురుతో కొన్నిసార్లు తీసి తర్వాత కలుపుతం. దీన్నే హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్) అంటరు. 1850లల్లనే ఫ్రాన్స్‌ల గుస్తావ్ లె గ్రే అనే ఆయన సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఒక నెగెటివ్ తీసి ఒకటే ప్రింట్‌గ చేసిండు, అంటే ఐడియా కొత్తదేం కాదు.

ముందు ట్రైపాడ్. చేతుల పట్టుకుని కూడా తీయొచ్చు అని వీడియోలల్ల చెప్తరు, పగటిపూట బయటైతే నడుస్తది, కానీ గుడి లోపల అర సెకన్ షట్టర్‌కి చెయ్యి ఆగదు. కొన్ని చోట్ల ట్రైపాడ్‌కి ఒప్పుకోరు, గర్భగుడి ఫొటోకైతే అసలే ఒప్పుకోరు, అందుకే అయ్యగారిని, అక్కడి స్టాఫ్‌ని ముందే అడగండి. నిలబెట్టినంక ట్రైపాడ్ మధ్య రాడ్ పైకి లేపకండి, ఊగుతది. లెన్స్‌ల స్టెబిలైజేషన్ (చేతి వణుకు తగ్గించే) బటన్ ఉంటే ఆఫ్ చేయండి.

ఇక సెట్టింగ్స్. రా (కెమెరా కుదించకుండ దాచే ఫైల్) ఫార్మాట్‌ల తీయండి, జేపెగ్ అయితే తర్వాత లాగేటప్పుడు ఆకాశంల పట్టీలు పట్టీలుగ చారలొస్తయి. ఐఎస్ఓ 100, ఆటో ఐఎస్ఓ ఆఫ్. వైట్ బ్యాలెన్స్ (ఫొటో రంగుల టోన్) ఏదో ఒకటి ఫిక్స్ చేస్కోండి. ఒక స్తంభం మీద ఆటోఫోకస్ చేసి వెంటనే మాన్యువల్ ఫోకస్‌కి మార్చండి, లేకపోతే చీకటి ఫ్రేమ్ దగ్గర లెన్స్ మళ్ళీ వెతుక్కుంటది. మోడ్ డయల్ నికాన్‌ల ఏ, కెనాన్‌ల ఏవీ (Av) మీద ఉండాలి, ఎందుకంటే ఫ్రేమ్ ఫ్రేమ్‌కి మారాల్సింది షట్టర్ ఒక్కటే. ఎపర్చర్ మారితే ఒక ఫొటోల వెనక స్తంభం షార్ప్‌గ, ఇంకోదాంట్ల మసకగ ఉంటది, కలిపితే గలీజు.

మెనూల ఆటో బ్రాకెటింగ్ (ఒకే సీన్ వేర్వేరు వెలుతురుతో వరుసగ తీసేది) అని ఉంటది, మూడు ఫొటోలు, మైనస్ 2, సున్నా, ప్లస్ 2 స్టాప్‌లు పెట్టండి. టైమర్ 2 సెకన్లు పెట్టి నొక్కి చెయ్యి తీసేయండి. సాగర్ డ్యామ్ దగ్గర సాయంత్రం, భువనగిరి గుట్ట మీద పొద్దున, ఇట్లాంటి వాటికి ఈ మూడు చాలు. నికాన్ డీ3500 లాంటి చిన్న బాడీలల్ల బ్రాకెటింగే ఉండదు, ఏం ఫికర్ లేదు, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుతురు పెంచి తగ్గించే ప్లస్, మైనస్ సెట్టింగ్) చేత్తో మార్చుకుంట మూడు తీయండి.

గుడి లోపల మాత్రం మూడు సరిపోవు. మాన్యువల్ మోడ్‌కి పోయి, ఎఫ్ 8 అట్లనే ఉంచి, సెకన్‌లో 400వ వంతు, 100వ వంతు, 25వ వంతు, 6వ వంతు, తర్వాత 0.6 సెకన్, ఇట్ల నాలుగింతలు పెంచుకుంట పోండి. మొదటి దాంట్ల బయట ఎండ రాయి తెల్లబడొద్దు, హిస్టోగ్రామ్ (కెమెరా చూపే వెలుతురు గ్రాఫ్) కుడి గోడకి గుద్దుకోవద్దు. చివరి దాంట్ల శిల్పం అంచులు తెలిస్తే చాలు. ఇంకొకటి 2.5 సెకన్లది కూడా తీయొచ్చు గానీ నేనైతే తీయను, చీకటి మూలని ఎండంత వెలుతురు చేసి ఏం చేస్తం?

ఇంటికొచ్చినంక ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌ల అన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్, హెచ్ నొక్కితే మెర్జ్ విండో వస్తది. ఆటో అలైన్ టిక్ ఉంచండి, ఆకులు కదిలినా, భక్తులు నడిచినా డీఘోస్ట్ (కదిలినవి రెండ్రెండుగ రాకుండ చేసేది) ‘లో’ (తక్కువ) మీద పెట్టండి, అనవసరంగ హై పెడితే ఆ జాగల నాయిస్ తేలుతది. డబ్బులు పెట్టొద్దనుకుంటే డార్క్‌టేబుల్‌ల రా ఫైళ్ళు కలపొచ్చు, లుమినాన్స్ హెచ్‌డీఆర్ కూడా ఫ్రీనే.

అసలు చెడగొట్టేది ఇక్కడే. షాడోస్ (చీకటి భాగాల) స్లైడర్ ప్లస్ 100, హైలైట్స్ (వెలుగు భాగాలది) మైనస్ 100, క్లారిటీ (అంచుల తేడా పెంచేది) ఫుల్, సాచురేషన్ ఇంకొంచెం, అయిపోయింది, గుడి కాస్తా చౌరస్తాల ఫ్లెక్సీ అయితది. స్తంభాల చుట్టూ తెల్లటి వెలుగు గీత వస్తే క్లారిటీ ఎక్కువైనట్టే. కందూరు చోళుల కాలం నాటి ఈ గుడికి పేరొచ్చిందే నీడతోని, పొద్దంతా లింగం వెనక ఒక స్తంభం నీడ కదలకుండ కనిపిస్తదని జనం చూడనీకి వస్తరు. షాడోస్ ఎక్కువ లాగితే ఆ నీడే మాయం! నేను షాడోస్ 30, 40 దాకా పెంచి ఆపుతా, తర్వాత బాగా నల్లటి భాగాలని మార్చే బ్లాక్స్‌ని కొద్దిగ కిందికి గుంజుతా, మండపం మండపం లెక్కనే చల్లగ, జర చీకటిగ ఉండాలె.

అన్నిటికీ ఇది అక్కర్లేదు. మబ్బు పట్టిన రోజు పొలం, పిల్లల ఫొటోలు, బతుకమ్మ ఆడేటప్పుడు, వీటికి ఒక్క రా ఫైల్ చాలు, మనుషులు కదుల్తుంటే కలిపినా చేతులు రెండ్రెండు కనిపిస్తయి. గాలి ఉన్నప్పుడు మర్రిచెట్టు జోలికి కూడా పోకండి.

పని అయినంక బ్రాకెటింగ్ ఆఫ్ చేయండి. కెనాన్‌ల చాలా వాటికి పవర్ ఆఫ్ చేస్తే అదే పోతది, నికాన్‌ల మనం తీసేదాకా అట్లనే ఉంటది, మర్నాడు చుట్టాల పెండ్లిల తలంబ్రాలు పోసేటప్పుడు ఒక ఫొటో నల్లగ, ఒకటి తెల్లగ వస్తుంటే కెమెరా ఖరాబైందని షాప్‌కి ఉరుకుతరు.