చెరువు నీళ్ళు పచ్చబడ్డాయా? మందు కొట్టే ముందు ఇది చూడండి

నీళ్ళు పచ్చబడగానే అందరూ అడిగేది ఒక్కటే, ఏ మందు వేస్తే పోతుంది అని. దయచేసి కాస్త ఆగండి. నాచు అంతలా పెరిగిందంటే దానికి ఎక్కడినుంచో తిండి అందుతోందన్నమాట, ఆ తిండి ఫాస్ఫరస్, నైట్రోజన్. పొలంలో మిగిలిపోయిన ఎరువు, పేడ, డ్రైనేజీ నీళ్ళు అన్నీ అవే మోసుకొస్తాయి. అది ఆపకుండా పైపైన ఏం చేసినా కొన్నాళ్ళకి మళ్ళీ మొదటికే వస్తుంది.

సమస్య: తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి

ఇదైతే అర్జెంటు. పగలు నాచు ఆక్సిజన్ వదుల్తుంది, రాత్రయ్యేసరికి అదే నాచు, బురదలో బ్యాక్టీరియా, చేపలు అన్నీ కలిసి దాన్ని పీల్చేస్తాయి, అందుకే సూర్యోదయానికి ముందు డీఓ (నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్) బాగా పడిపోతుంది. మధ్యాహ్నం మీటర్ పెట్టి బాగానే ఉందిలే అనుకోకండి, పచ్చటి నీళ్ళలో ఆ టైముకి రీడింగ్ మామూలుగా బాగానే ఉంటుంది, చూడాల్సింది తెల్లవారకముందు. లీటరుకి 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చాలా చేపలకి కష్టం, 2 కంటే తగ్గితే ఈదుకుంటూ పోగలిగినవి పోతాయి, మిగతావి చచ్చిపోతాయి. ఎండాకాలం ఇంకా ఘోరం, 20 డిగ్రీల నీళ్ళు లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ దాకా పట్టుకుంటే 30 డిగ్రీల నీళ్ళు ఏడున్నర దగ్గరే ఆగిపోతాయి.

వెంటనే ఏరేటర్ (నీళ్ళలో గాలి కలిపే మెషీన్) వేసి రాత్రంతా నడపండి, మేత ఆపేయండి. నాచుని చంపే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) మాత్రం అస్సలు కొట్టొద్దు, నాచంతా ఒకేసారి చచ్చి కుళ్ళడం మొదలైతే ఉన్న కాస్త ఆక్సిజనూ దానికే అయిపోతుంది.

సమస్య: నీళ్ళ మీద పచ్చ పెయింట్ ఒలికినట్టు తెట్టు, ముక్కిపోయిన వాసన

ఒక గాజు సీసాలో ఆ నీళ్ళు తీసుకుని (చేతికి గ్లవుజులు వేసుకోండి) కదపకుండా కొన్ని గంటలు పెట్టండి. పచ్చదనం పైకి తేలి మూతి దగ్గర చేరిందంటే నీలి ఆకుపచ్చ నాచు అయ్యుండే ఛాన్స్ ఎక్కువ, అడుగుకి దిగితే మామూలు నాచు అనుకోవచ్చు. ఖాయంగా తెలియాలంటే మైక్రోస్కోప్ కిందే చూడాలి.

నీలి ఆకుపచ్చ రకాల్లో కొన్ని విషం తయారుచేస్తాయి, మరిగించినా అది పోదు. 2014 ఆగస్టులో ఏరీ సరస్సులో ఇదే పెరిగి అమెరికాలోని టొలీడో నగరంలో కుళాయి నీళ్ళు తాగొద్దన్నారు, కాచుకుని కూడా తాగొద్దని చెప్పాల్సి వచ్చింది. కాబట్టి పశువుల్ని, కుక్కల్ని, పిల్లల్ని దూరంగా ఉంచండి, నీళ్ళు ల్యాబ్‌కి పంపండి. ఇక్కడ కూడా మందు కొడితే కణాలు పగిలి లోపలి విషం నీళ్ళలో కలుస్తుంది.

అసలు కారణం ఎలా పట్టుకోవాలి

గట్టి వాన పడుతున్నప్పుడో పడిన వెంటనేనో చెరువు చుట్టూ తిరగండి, నీళ్ళు లోపలికి వచ్చే ప్రతి చోటా సీసా నింపి టెస్ట్ చేయించండి. ఫాస్ఫరస్ తప్పకుండా చూడమనండి. 1973లో కెనడాలో ఒక సరస్సుని మధ్యలో కర్టెన్‌తో రెండుగా చేసి ఒకవైపు కార్బన్, నైట్రోజన్ వేశారు, రెండోవైపు వాటితోపాటు ఫాస్ఫరస్ కూడా వేశారు, పచ్చబడింది ఆ రెండో వైపే. సముద్రం దగ్గరికొచ్చేసరికి నైట్రోజన్ పాత్ర బాగా పెరుగుతుంది, అందుకని రెండూ తగ్గించాల్సిందే.

ఎరువు భూసార పరీక్ష చూసి వేయడం, వాన ముందర వేయకపోవడం, గట్టు వెంట గడ్డి పట్టీ వదలడం, మురుగు కాలువ మళ్ళించడం, ఇవే నిజంగా పనిచేసేవి. సియాటిల్ పక్కన వాషింగ్టన్ సరస్సులోకి వచ్చే మురుగుని 1960ల్లో పక్కకి మళ్ళిస్తే 1970ల్లో నీళ్ళు తేటపడ్డాయి.

సమస్య: అన్నీ ఆపేశాం, అయినా పచ్చగానే ఉంది

ఏళ్ళ తరబడి అడుగున పేరుకున్న బురదలోంచి ఫాస్ఫరస్ వస్తోంది. అక్కడ ఆక్సిజన్ లేకపోతే బురదలోని ఇనుము తను పట్టుకుని ఉంచిన ఫాస్ఫరస్‌ని వదిలేస్తుంది, అడుగు బురద కలిపితే కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అక్కడ ఆక్సిజన్ లేదనే. పూడిక తీయించడమో, అడుగు నుంచి గాలి పంపడమో చేయాలి. పటిక కూడా ఫాస్ఫరస్‌ని పట్టేస్తుంది కానీ డోసు ఎక్కువైతే పీహెచ్ పడిపోయి చేపలు పోతాయి, తెలిసినవాళ్ళు లేకుండా ముట్టుకోకండి.

గుర్రపుడెక్క, నాచు తీసినప్పుడు గట్టు మీదే కుప్ప పెట్టొద్దు, కుళ్ళి వానకి మళ్ళీ లోపలికే దిగుతుంది, దూరంగా తీసుకెళ్ళి కంపోస్ట్ చేసుకోండి.